దేవుడి పేరు లేని ప్రతిజ్ఞ

తెలుగువారి ప్రమాణాలకు సాక్షులు ఎక్కువ. వెలిగించిన కర్పూరాన్ని ఆర్పి ప్రమాణం చేసేవారున్నారు. అన్నం ముందు కూర్చుని మాట ఇచ్చేవారున్నారు. కన్నబిడ్డ తల మీద చేయి వేసి నిజం చెప్పేవారున్నారు. "ఏడుకొండలవాడి మీద ఒట్టు" అన్న మాట వినిపించని పల్లె తెలుగునాట ఉండదు. చిత్తూరు జిల్లా కాణిపాకంలోని వరసిద్ధి వినాయకుని సన్నిధి సత్యప్రమాణాలకే పేరుపొందింది. అప్పు తీర్చానని ఒకరు, తీర్చలేదని మరొకరు వాదులాడుకున్నప్పుడు, ఆ స్వామి ఎదుట నిలబడి అబద్ధమాడడానికి ఎవరూ సాహసించరని జనం విశ్వాసం. మనిషి మాటను మనిషి నమ్మాలంటే నడుమ మూడవవాడొకడు ఉండాలి. వాడు మనుషులకంటె పెద్దవాడై ఉండాలి. ఈ ఆచారాలన్నింటి వెనుక ఉన్న భావన ఇదే.

ఇటువంటి నేల మీద పుట్టిన ఒక తెలుగు ఉద్యోగి రాసిన ప్రతిజ్ఞను దేశమంతటా పిల్లలు బడిలో నిలబడి చెబుతున్నారు. దేశం తనదని, దేశవాసులందరూ తోబుట్టువులని, వారి క్షేమంలోనే తన ఆనందం ఉందని ఆ ప్రతిజ్ఞ చెప్పిస్తుంది. తల్లిదండ్రులు, గురువులు, పెద్దలు అందులో ఉన్నారు. దేవుడు మాత్రం లేడు. సాక్షిగా లేడు, రక్షకుడిగా లేడు, సంబోధనలోనూ లేడు.

ఆ ఉద్యోగి పేరు పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్లగొండ జిల్లా అన్నెపర్తి గ్రామంలో 1916 జూన్ 10న జన్మించారు. తెలుగుతోపాటు సంస్కృతం, హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ భాషలు నేర్చినవారు. ప్రకృతి వైద్యం తెలిసినవారు. 'కాలభైరవుడు' అనే నవల రాశారు. నవలకు దేవుడి పేరు పెట్టిన చేయే ప్రతిజ్ఞలో ఆ ఊసు ఎత్తలేదన్నది గమనించదగిన సంగతి. 1962లో ఆయన విశాఖపట్టణంలో జిల్లా ఖజానా అధికారి. ప్రభుత్వ ధనానికి లెక్కలు, పింఛన్ల బిల్లులు, స్టాంపు కాగితాలు, సంతకాలు, ముద్రలు - ఇదీ ఖజానా కార్యాలయపు ప్రపంచం. దేశభక్తి గీతాలు పుట్టే చోటు కాదు. అయినా ఆ సంవత్సరంలోనే, చైనాతో సరిహద్దు ఉద్రిక్తమై చివరకు యుద్ధంగా మారిన ఆ 1962లోనే, ఆయన తెలుగులో ఈ ప్రతిజ్ఞను రచించారు.

రచించి ఊరుకోలేదు. దానిని తెన్నేటి విశ్వనాథం గారి చేతికి అందించారు. తెన్నేటి స్వాతంత్ర్య సమరయోధులు. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ఆర్థికమంత్రిగా పనిచేసినవారు. తరువాత 1966లో "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" ఉద్యమానికి ముందు నిలిచినవారు. ఆయన ద్వారా ఆ కాగితం విద్యామంత్రి పూసపాటి విజయరామ గజపతిరాజు గారికి చేరింది. పి.వి.జి. రాజుగా జనానికి పరిచితులైన ఆయన విజయనగర రాజవంశీకులు; సింహాచలం దేవస్థానానికి వంశపారంపర్య ధర్మకర్తలు. అప్పన్న స్వామి ఆలయ బాధ్యతను పుట్టుకతో మోసిన వ్యక్తి ముందుకు దేవుడి ప్రస్తావన లేని ప్రతిజ్ఞ వచ్చింది. అది అక్కడ ఆగలేదు. 1963లో విశాఖలోని ఒక పాఠశాలలో పిల్లలు దానిని తొలిసారి చదివారు. 1964 అక్టోబరులో కేంద్ర విద్యామంత్రి ఎం.సి. చాగ్లా అధ్యక్షతన బెంగళూరులో సమావేశమైన కేంద్ర విద్యా సలహా మండలి, దేశంలోని పాఠశాలలన్నింటిలో ప్రతిజ్ఞ చేయించాలని, 1965 జనవరి 26 నుంచి ఆ పద్ధతి ప్రారంభం కావాలని నిర్ణయించింది.

రచయితకు మాత్రం ఆ వైభవం తెలియలేదు. తన మాటలు జాతీయ ప్రతిజ్ఞగా దేశమంతటా పలుకుతున్నాయన్న సంగతి, మనవరాలు పాఠ్యపుస్తకం తెరచి చదువుతూ ఉండగా విన్నప్పుడే ఆయనకు తెలిసిందని చెబుతారు. పుస్తకంలో ప్రతిజ్ఞ ఉంది. కింద పేరు లేదు. 1988 ఆగస్టు 13న ఆయన కన్నుమూశారు. తెలుగు పాఠ్యపుస్తకాలలో ప్రతిజ్ఞతోపాటు ఆయన పేరు అచ్చు కావడం చాలా ఆలస్యంగా జరిగిన న్యాయం.

ఆ రచన విశాఖలో పుట్టడంలో ఒక ఔచిత్యం కనిపిస్తుంది. 1933లో ఓడరేవు తెరచుకున్ననాటి నుంచి ఆ పట్టణానికి నలుదిక్కుల నుంచి మనుషులు వచ్చి చేరారు. నౌకా నిర్మాణ కేంద్రంలో తయారైన 'జల ఉష' 1948లో సముద్రంలోకి దిగింది. తరువాత చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. ఒడియా, బెంగాలీ, తమిళ, మలయాళ కుటుంబాలు తెలుగు కుటుంబాల పక్కన ఇళ్లు కట్టుకున్నాయి. ఓడరేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కనే నిలిచి ఉంటాయి. ఒకదాని మీద మేరీమాత ఆలయం, ఒకదాని మీద దర్గా, మరొకదాని మీద వేంకటేశ్వరుని గుడి. సముద్రం మీదికి వెళ్లే నావికుడు తనకు తెలిసిన కొండకు మొక్కుకుంటాడు. ఓడ నడిపే నియమాలు మాత్రం ముగ్గురికీ ఒకటే. ఈ దృశ్యమే సుబ్బారావు గారి చేత అలా రాయించిందని చెప్పడానికి ఆధారమేదీ లేదు. అయితే ఆ మూడు కొండల నీడలో చదువుకునే పిల్లలందరూ ఒకే గొంతుతో పలకవలసిన మాటలలో ఏ కొండ పేరు చేర్చినా, మిగిలిన రెండు కొండల కింది పిల్లలు ఒక క్షణం తడబడేవారు. ఆ తడబాటుకు ఆయన చోటివ్వలేదు.

ఈ ప్రశ్న అంతకు పదమూడేళ్ల ముందే రాజ్యాంగసభలో ఎదురైంది. 1949 అక్టోబరు 17న పీఠిక చర్చకు వచ్చినప్పుడు, "భారత ప్రజలమైన మేము" అన్న మాటలకు ముందు "దేవుని పేరిట" అని చేర్చాలని హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించారు. దేవుడికి బదులు దేవి పేరు ఎందుకు ఉండరాదని ఒక సభ్యుడు అడిగారు. పరమేశ్వరుని కృప చేత అని ఉండాలని మరొకరు సూచించారు. దేవుడి పేరు పెట్టాలనుకున్నవారిలోనే ఏ పేరు పెట్టాలన్న దానిపై ఏకాభిప్రాయం కుదరలేదు! దేవుని ఉనికిని ఓటుకు పెట్టి సభ్యులను ఇరకాటంలో పడవేయవద్దని పూర్ణిమా బెనర్జీ వేడుకున్నారు. దేవుని పేరును అందరి చేత బలవంతంగా పలికించడం సంకుచిత బుద్ధి అవుతుందని హృదయనాథ్ కుంజ్రూ వాదించారు. విశ్వాసం మనస్సాక్షికి సంబంధించినదని, నమ్మనివాడికీ రాజ్యాంగంలో చోటుండాలని పట్టం థాను పిళ్లై అన్నారు. కామత్ పట్టు విడువలేదు. సవరణకు అనుకూలంగా 41 ఓట్లు, వ్యతిరేకంగా 68 ఓట్లు వచ్చాయి. దేశ చరిత్రలో ఇది చీకటి దినమని కామత్ ఆవేదన చెందారు.

ఆనాడు వ్యతిరేకించినవారందరూ నాస్తికులు కారు. అది మరువరాదు. మరొక సంగతి కూడా మరువరాదు: అదే రాజ్యాంగం విశ్వాసులను చిన్నచూపు చూడలేదు. రాష్ట్రపతి మొదలు శాసనసభ్యుని వరకు పదవీ స్వీకారం చేసే ప్రతివారికీ రెండు దారులు ఉంచింది. దైవసాక్షిగా ప్రమాణం చేయవచ్చు. లేదా పవిత్ర హృదయంతో ధ్రువీకరించవచ్చు. పెద్దలకు ఎంపిక ఉంది. బడిపిల్లవాడికి ఎంపిక ఇవ్వడం సులభం కాదు. వరుసలో నిలబడినవాడు పక్కవాడితోపాటే పలకాలి. కనుక పిల్లల ప్రతిజ్ఞ విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

అమెరికాలో కథ మరొక విధంగా నడిచింది. అక్కడి పతాక ప్రతిజ్ఞను 1892లో ఫ్రాన్సిస్ బెల్లమీ రచించారు. ఆయన బాప్టిస్టు మతబోధకులు. అయినా ఆయన రాసిన పాఠంలో దేవుడి మాట లేదు. రచయిత చనిపోయిన ఇరవైమూడేళ్లకు, 1954లో, సోవియట్ రష్యాతో ప్రచ్ఛన్న యుద్ధం తీవ్రంగా ఉన్న రోజులలో, దేశం దేవుని ఛత్రం కింద ఉన్నదన్న అర్థమిచ్చే రెండు మాటలను చట్టం ద్వారా అందులో చేర్చారు. దేవుణ్ణి నమ్మని కమ్యూనిస్టు రాజ్యాలకంటె తాము వేరని చాటుకోవడం దాని ఉద్దేశం. మతబోధకుడు అవసరమనుకోని దానిని ప్రభుత్వం అవసరమనుకుంది. ఆ తరువాత ఎందరో తల్లిదండ్రులు న్యాయస్థానాల మెట్లెక్కారు. ఒక తండ్రి వేసిన దావా 2004లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, అసలు ప్రశ్నకు సమాధానం దొరకకుండానే సాంకేతిక కారణం మీద ముగిసింది.

డబ్బు మీద దేవుడి పేరు కూడా అక్కడ యుద్ధకాలంలోనే ప్రవేశించింది. అంతర్యుద్ధం మొదలైన 1861లో ఒక మతబోధకుడు అమెరికా ఖజానా కార్యదర్శి శామన్ చేజ్‌కు లేఖ రాశాడు. నాణేలపై దేవుని ప్రస్తావన ఉండాలని కోరాడు. 1864లో రెండు సెంట్ల నాణెం మీద, దేవుని యందు విశ్వాసముంచామనే వాక్యం వెలసింది. కాగితపు నోట్ల మీదికి అది 1957లో వచ్చింది. అక్కడి ఖజానా అధిపతి నాణెం మీద దేవుణ్ణి నిలిపాడు. ఇక్కడి ఖజానా అధికారి ప్రతిజ్ఞను మనుషులకే విడిచాడు. కాలాలు వేరు, ఉద్దేశాలు వేరు. పోలికను ఇంతకంటె సాగదీయడం తగదు.

తెలుగువారికి మాత్రం నాణెం మీద దేవుడు కొత్త కాదు. 'వరహా' అన్న మాటే దానికి సాక్ష్యం. ఆదివరాహమూర్తి రూపం నుంచి బంగారు నాణేనికి ఆ పేరు వచ్చింది. క్రమంగా దేవుడు మరుగై డబ్బు మిగిలింది. విజయనగర చక్రవర్తుల నాణేల మీద ఉమామహేశ్వరులు కనిపిస్తారు. శ్రీకృష్ణదేవరాయల బంగారు నాణేల మీద బాలకృష్ణుడు కూర్చుని ఉంటాడు. సుబ్బారావు గారు పుట్టిన నల్లగొండ నాడు నిజాం రాజ్యంలో ఉండేది. 1857 తిరుగుబాటు అనంతరం మొగలు చక్రవర్తి పేరు తొలగిన హైదరాబాదు నాణేలపై 92 అనే సంఖ్య కనిపిస్తుంది. అక్షరాలకు సంఖ్యావిలువలు కట్టే పద్ధతిలో అది మహమ్మద్ ప్రవక్త నామానికి గుర్తు. తరువాతి నాణేలపై చార్మినారు వెలసింది. రాజు ఏ దేవుణ్ణి కొలిస్తే నాణెం ఆ దేవుడిది. నాణెం తీసుకునే ప్రజ దేవుడెవరో ఎవరూ అడగలేదు. అది రాజరికపు ధర్మం.

అయితే మహాభక్తులే కొందరు డబ్బు మీద దేవుడి పేరుకు అడ్డు చెప్పారు. మొగలు నాణేలపై ఉండే కలిమాను తొలగించినవాడు ఔరంగజేబు! పవిత్రమైన ఆ వాక్యం అన్యుల చేతులలో, కాళ్ల కింద అపవిత్రమవుతుందని ఆయన భావించాడు. దాదాపు రెండున్నర శతాబ్దాల తరువాత, 1907లో, అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కొత్త బంగారు నాణేల మీద దైవవాక్యం ఉండనివ్వలేదు. డబ్బు మీద దేవుణ్ణి ముద్రించడం భక్తి కాదని, అపచారమని ఆయన అభిప్రాయం. మరుసటి సంవత్సరమే అక్కడి చట్టసభ ఆ వాక్యాన్ని తిరిగి తెచ్చింది. మతం విషయంలో ఏ పోలికా లేని ఈ ఇద్దరు పాలకులు ఒకే మాట అనడం ఆలోచింపజేస్తుంది. నాణెం లంచంగానూ పోతుంది, జూదంలోనూ పోతుంది, సారా దుకాణంలోనూ పోతుంది. అది వెళ్లే చోట్లన్నింటికీ దేవుణ్ణి వెంట పంపడం విశ్వాసికి రుచించే పనేనా?

స్వతంత్ర భారతదేశపు డబ్బు మతానికి పూర్తిగా దూరంగా ఉందనడం కూడా సత్యం కాదు. నాలుగు సింహాల చిహ్నం సారనాథ్‌లోని అశోక స్తంభానిది. అది బుద్ధుడు తొలిసారి ధర్మబోధ చేసిన చోటు. ఆ చిహ్నం కింద ఉండే 'సత్యమేవ జయతే' ముండకోపనిషత్తులోనిది. కాని గెలిచేది సత్యమని ఆ వాక్యం అంటుందే తప్ప, ఫలానా దేవుడని అనదు. 2017లో వచ్చిన 50 రూపాయల నోటు వెనుక హంపీలోని రాతిరథం ఉంది. 10 రూపాయల నోటు మీద కోణార్క సూర్యదేవాలయం, 20 రూపాయల నోటు మీద ఎల్లోరా గుహలు, 200 రూపాయల నోటు మీద సాంచీ స్తూపం ఉన్నాయి. అవి శిల్పుల చేతి గొప్పతనానికి గుర్తులుగా నిలిచాయి. నోటు మీద గుడి ఉంది, ప్రార్థన లేదు.

ఆ గీత ఎంత సన్ననిదో అప్పుడప్పుడు తెలిసివస్తూనే ఉంటుంది. 2006 నాటి 2 రూపాయల నాణెం మీద, ఏకత్వానికి గుర్తుగా వేసిన అడ్డునిలువు గీతలు కొందరికి శిలువలా కనిపించాయి, గొడవ చెలరేగింది. 2007 నుంచి నాట్య హస్తముద్రల నాణేలు వచ్చాయి. బృహదీశ్వరాలయం, వైష్ణోదేవి చిహ్నాలతో వెలువడిన స్మారక నాణేలను ఉపసంహరించాలని వేసిన వ్యాజ్యాన్ని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. నోట్ల మీద లక్ష్మీ గణపతుల బొమ్మలు ముద్రించాలని 2022 అక్టోబరులో అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ కోరారు. ముస్లిములు అధికసంఖ్యలో ఉన్న ఇండోనేషియా ఒకప్పుడు తన నోటుపై గణపతిని ముద్రించిందని ఉదాహరణ చూపారు. కోరిక అక్కడికే పరిమితమైంది.

నిజానికి రిజర్వు బ్యాంకు నోట్ల మీద కూడా ఒక ప్రతిజ్ఞ ఉంది. నోటు తెచ్చినవారికి అంత మొత్తం చెల్లిస్తానని రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం చేసి ఇచ్చే మాట అది. ఆ సంతకం 2003 నుంచి 2008 వరకు వై.వి. రెడ్డిది, ఆపైన 2013 వరకు దువ్వూరి సుబ్బారావుది, ఇద్దరూ తెలుగువారే. ఆ మాటకు పూచీ కేంద్రప్రభుత్వం. కాణిపాకం కోనేరులో మునగకుండానే, కర్పూరం ఆర్పకుండానే, కూరగాయల అంగడిలో ఆ మాటను అందరూ నమ్ముతారు. ముఖం తెలియని కోట్లమంది పరస్పరం ఉంచుకున్న నమ్మకమే దానికి విలువ. సుబ్బారావు గారి ప్రతిజ్ఞ ఆధారపడినదీ ఇటువంటి నమ్మకం మీదనే.

అంతమాత్రాన దేవుడి పేరు లేకపోతే అందరికీ సమ్మతమేనా? కేరళలో ముగ్గురు పిల్లల విషయంలో ఈ ప్రశ్న ఎదురైంది. వారు యెహోవా సాక్షుల విశ్వాసానికి చెందినవారు. పదవ, తొమ్మిదవ, ఐదవ తరగతుల విద్యార్థులు. బడిలో జాతీయగీతం పాడే వేళ గౌరవంగా నిలబడేవారు, పాడేవారు కారు. దేవుడికి తప్ప మరి దేనికీ అటువంటి స్తుతి అర్పించరాదని వారి మతం. ఏళ్ల తరబడి ఎవరికీ పట్టని ఈ విషయం ఒక శాసనసభ్యుని కంటపడి, శాసనసభలో ప్రస్తావనకు వచ్చింది. విచారణ జరిపినవారు పిల్లలు అగౌరవమేమీ చూపలేదనే చెప్పారు. అయినా 1985 జూలైలో వారిని బడి నుంచి పంపివేశారు. హైకోర్టులోనూ వారికి ఊరట దొరకలేదు.

1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు రాసినవారు తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. జాతీయగీతం పాడి తీరాలని నిర్బంధించే చట్టమేదీ లేదని, లేచి నిలబడడంలోనే గౌరవం ఉందని ఆయన స్పష్టం చేశారు. ఆ విశ్వాసం తమకు వింతగా తోచినా, ఆ పిల్లలకది నిజమైనదైతే చాలునని, దానికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని రాశారు. అమెరికా సుప్రీంకోర్టు 1943లో అదే మతానికి చెందిన పిల్లల పక్షాన ఇచ్చిన తీర్పును కూడా పరిశీలించారు. సహనం ఈ దేశపు సంప్రదాయంలోనూ, తత్త్వంలోనూ, రాజ్యాంగంలోనూ ఉన్నదని, దానిని పలుచన చేయవద్దని తీర్పు చివర హెచ్చరించారు. ఆ ముగ్గురు పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోవాలని, వారి చదువు ఆటంకం లేకుండా సాగడానికి కావలసిన సౌకర్యాలు కల్పించాలని అధికారులను ఆదేశించారు.